జర ఆగు ప్రభువా

దేవుణ్ణి కాసేపు ఆగమని చెప్పి బయటికి వెళ్ళిపోయే మనిషిని నా జన్మలో ఒక్కణ్ణే చూశాను. ఆయన మా తోడల్లుడు యెషయా. లోకంలో అందరి ప్రార్థనలూ ‘ఆమేన్’తో ముగుస్తాయి. ఆయనవి మాత్రం ‘జర ఆగు ప్రభువా’ దగ్గర తెగిపోయేవి.

డెబ్బై నాలుగులో నాకు బెల్లంపల్లిలో బొగ్గుబాయి ఆఫీసు గుమస్తాగా పని దొరికింది. క్వార్టరు సరిగ్గా వదిన మగ్దలేనమ్మ ఇంటి పక్కనే వచ్చింది. అక్క పక్కన చేరానని మా ఆవిడ ఎలీసబెతు మురిసిపోయింది. రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ. అదీ పైకప్పు దాకా లేదు. కాబట్టి యెషయన్న పొద్దున్నే చేసే ప్రార్థన దేవుడికంటే ముందు నాకే వినిపించేది.

“దయగల తండ్రీ, రాత్రంత మమ్ముల కాపాడినవ్. నీకు స్తోత్రం. మా మనసులు అటిటు పోకుండ నీ మీదనే నిలుపు...”

గొంతు బరువుగా, తీయగా సాగేది. నేను మంచం మీదే చేతులు జోడించేవాణ్ణి. అంతలో వీధి నల్లా గుర్రుమనేది.

“జర ఆగు ప్రభువా, నల్లా ఒచ్చింది!”

బకెట్ల చప్పుడు, తలుపు చప్పుడు, చెప్పుల చప్పుడు. ఆ వెనకే వదిన గొంతు: “దేవుడేమన్న నీ దోస్తా, ఆగుమనంగనే ఆగెటందుకు?”

మర్నాడు నల్లా రాకపోతే మేక వచ్చేది. “ప్రభువా, లోకం మీది ధ్యాస మాకొద్దు, నీ సన్నిధే మాకు... హేయ్! హేయ్! జర ఆగు ప్రభువా, రాయమల్లు మేక ఎవలిదో చీర నములుతున్నది!” మేక లేని రోజు సైకిలు పడేది. సైకిలు పడని రోజు ఎవరింట్లోనో పాలు పొంగేవి. అవి ఆయనింటి పాలు కూడా కావు.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను. “అన్నా, కండ్లు మూసుకున్నంక బయటి సంగతులు నీకెట్ల తెలుస్తయే?”

“గదే పరేషాన్ తమ్మీ,” అన్నాడు నిజంగానే దిగులుగా. “కండ్లు మూస్తె చెవులు తెరుసుకుంటయి. బాయిల అలవాటైంది.”

ఆయన పని గని లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం. కప్పు కూలేముందు చిన్నగా చిటపటమంటుందట. ఆ చీకట్లో కళ్ళకంటే చెవులే మనిషిని బతికిస్తాయట. అలా ఏళ్ళ తరబడి సానబట్టిన చెవులు ఇంటికొచ్చి ప్రార్థనలో కూర్చోగానే ఊరుకోమంటే ఎందుకు ఊరుకుంటాయి?

మా మెథడిస్టు చర్చిలో ఆయన చేత ప్రార్థన చేయించాలంటే అందరికీ జంకే. ఒక పండక్కి ఆరాధన తర్వాత ప్రేమవిందు ఉంది. పాస్టరయ్య ఏ ధ్యానంలో ఉన్నాడో గాని, “ముగింపు ప్రార్థన యెషయా చేస్తడు” అనేశాడు. వదిన తల పట్టుకుంది. యెషయన్న లేచి, దేశం కోసం, వానల కోసం, బాయిలో పనిచేసేవాళ్ళ కోసం చక్కగా ప్రార్థించాడు. స్త్రీలు కొంగుతో కళ్ళు కూడా ఒత్తుకున్నారు. ఉన్నట్టుండి, “జర ఆగు ప్రభువా” అని వినిపించింది. తర్వాత ఏమీ వినిపించలేదు.

సంఘమంతా కళ్ళు మూసుకుని నిలబడే ఉంది. ఎవరో దగ్గారు. ఒక చంటిది ఏడ్చింది. చివరికి పాస్టరయ్యే ఒక కన్ను తెరిచి చూశాడు. యెషయన్న లేడు. చర్చి వెనక పొయ్యి దగ్గర, పండగ చొక్కా మడిచి, గుండిగలో గరిట తిప్పుతున్నాడు.

“యెషయా, దేవుని సన్నిధిల నిలవడితే నీకు పప్పు వాసనెట్లొచ్చిందయ్యా?”

“కండ్లు మూసుకొమ్మన్నరు గానీ ముక్కు మూసుకొమ్మనలేదు గదయ్యా. అడుగంటుతున్నది.”

పాస్టరయ్య కోపగించుకుందామనే అనుకున్నాడు. కానీ ఆ పప్పు ఆయన కూడా తినాల్సిందే.

మగ్దలేనమ్మ వదిన దీనికి పూర్తిగా ఎదురు. ఆమె మోకాళ్ళమీద కూర్చుంటే ఇంటి మీద పిడుగుపడ్డా కదలదు. అలాంటి మనిషికి, మంచం కింద చీమ నడిచినా లేచి వెళ్ళే మొగుడు దొరికాడు. ఆమెకు నగల మీద ఆశ లేదు. ఒక్కటే కోరిక.

“పెండ్లికి పట్టుచీర పెడ్తనన్నవ్, పెట్టకపోతివి, నేనడగలే,” అనేది మా ముందే. “ఒక్కనాడు నా పక్కన కూసోని ఆమేన్ దాక ఉండు. మల్ల నిన్నేం అడగ.”

“ఉంటనే. రేపు పక్కా ఉంట.”

రేపు ఉండడానికి ఆయన చేయని ప్రయత్నం లేదు. చుట్టాల పెళ్ళికని జమ్మికుంట పోయి, అక్కడి మార్కెట్ యార్డులో నుంచి గుప్పెడు పత్తి తెచ్చాడు. మర్నాడు పొద్దున్నే చెవుల నిండా కుక్కుకుని ప్రార్థనకు కూర్చున్నాడు. బయటి లోకం వినిపించడం మానింది, నిజమే. దాంతోపాటు తన గొంతు కూడా తనకు వినిపించడం మానింది. ఇక చూడండి, వీధి వీధంతా దద్దరిల్లింది.

“ప్రభువా! నా పాపాలు ఒప్పుకుంటున్న! మొన్న మగ్దలేనుకు తెల్వకుండ బీడీ తాగిన! ఎదురింటి లింగమూర్తి గొడుగు పోయిన వానకాలం తెచ్చి ఇంకా ఇయ్యలే! అడుగుతె నా తాన లేదన్న!”

వదిన ఆయన చెవుల్లోంచి పత్తి పీకే లోపలే లింగమూర్తి తువ్వాల భుజాన వేసుకుని వాకిట్లో నిలబడ్డాడు. “మన్నించుడు ఆయన ఇష్టం యెషయన్నా. నా గొడుగు నాకియ్యి.”

ఇలాంటివి చెప్పుకుని మేం ఎంత నవ్వామో. ఆయనా నవ్వేవాడు. కానీ ఆ నవ్వు ఆగిన తర్వాత ఆయన ముఖంలో ఒక చిన్నతనం కనిపించేది. “అందరూ నిమ్మళంగ కూసుంటరు. నాకే చాతకాదు. దేవునికి నేనంటె యాష్టకొచ్చి ఉంటది తమ్మీ,” అనేవాడు.

ఎనభై ఆరు వానాకాలంలో వదినకు గుండె జబ్బు ముదిరింది. దవాఖాన వాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. యెషయన్న సెలవు పెట్టి మంచం దగ్గరే ఉన్నాడు. ఒక మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉన్నాను. ఎలీసబెతు అక్క కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. వదిన ఆయన వైపు తిరిగి, “ఇయ్యాలన్న చేస్తవా, ఆమేన్ దాక?” అని అడిగింది.

ఆయన ఆమె చేయి తన రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళు మూసుకున్నాడు. పెళ్ళినాటి నుంచి ఒక్కొక్కటే తలుచుకుంటూ స్తోత్రం చెప్పాడు. అంతసేపు ఆయన ఎన్నడూ కూర్చోలేదట. వీధిలో సైకిళ్ళు పోయాయి, మేక అరిచింది, ఆయన కదల్లేదు. ఎలీసబెతుకే ఆశ్చర్యమేసింది.

అప్పుడు నల్లా వైపు నుంచి ఏదో పడ్డ చప్పుడు వచ్చింది. పెద్ద చప్పుడేం కాదు. ఎలీసబెతు అసలు పట్టించుకోనే లేదు. యెషయన్న మాట ఆగింది. కళ్ళు మూసుకునే కాసేపు బిగబట్టుకుని కూర్చున్నాడు. చివరికి, “జర ఆగు ప్రభువా,” అని లేచిపోయాడు.

వీధి చివర ఒంటరిగా ఉండే ముసలి దేవవ్వ నల్లా దగ్గర జారి పడింది. తల పగిలి స్పృహ లేదు. యెషయన్న ఆమెను ఎత్తుకుని, దొరికిన రిక్షాలో వేసుకుని దవాఖానకు పోయాడు. దేవవ్వ బతికింది. ఆయన ఇంటికి తిరిగొచ్చేసరికి వాకిట్లో జనం నిండి ఉన్నారు.

సమాధి దగ్గర ఆయన ఏడవలేదు. నా భుజం పట్టుకుని, “ఒక్క మాట తమ్మీ. ఆమేన్. ఒక్క మాట అననియ్యలే నా చెవులు,” అన్నాడు.

ఆ తర్వాత యెషయన్న మారిపోయాడు. పొద్దున్నే తలుపులు, కిటికీలు వేసుకుని ప్రార్థనకు కూర్చునేవాడు. నల్లా వచ్చినా లేవడు, మేక వచ్చినా లేవడు. గోడ ఇవతల నేను రోజూ చెవి పెట్టి వినేవాణ్ణి. ప్రార్థన మొదలయ్యేది, నడిచేది, ఆమేన్‌తో ముగిసేది. చక్కటి ప్రార్థన.

వీధికి మాత్రం కష్టమొచ్చి పడింది. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకున్నవాళ్ళ బిందెలు పొద్దున్నకల్లా ఎలా నిండేవో అంతవరకు ఎవరూ ఆలోచించలేదు. మొగుడు నింపాడని పెళ్ళాం, పెళ్ళాం నింపిందని మొగుడు అనుకునేవాళ్ళు. ఇప్పుడు వట్టి బిందెల దగ్గర కొట్లాటలు మొదలయ్యాయి. రాయమల్లు మేక ఒక పెళ్ళివారి పందిరి తినేసింది. లింగమూర్తి వరసగా మొదటి షిఫ్టుకు ఆలస్యంగా వెళ్ళి సూపర్‌వైజరు చేత చీవాట్లు తిన్నాడు. వాళ్ళింటి పొయ్యి చప్పుడు వినపడకపోతే, పోయి తలుపు కొట్టి లేపే మనిషి ఒకడుండేవాడని అప్పుడు తెలిసింది.

“గొడుగు ఉంచుకొమ్మన్నా బాగుండు,” అన్నాడు లింగమూర్తి నాతో, ముఖం చిన్నబుచ్చుకుని.

ఏడాది తిరిగింది. వదిన జ్ఞాపకార్థ కూడిక ఇంట్లోనే పెట్టారు. పాటలయ్యాయి. పాస్టరయ్య జంకుతూనే, “యెషయా, ప్రార్థన చేస్తవా?” అన్నాడు. ఆయన లేచి ప్రార్థించాడు. ఎక్కడా తెగలేదు, ఎక్కడా తడబడలేదు. ‘ఆమేన్’ అన్నాడు.

“ఇప్పుడు ఆమేన్ అంటున్న,” అన్నాడు మెల్లగా. “ఇనేటామె లేకపాయె.”

అంతే, ఎలీసబెతు భోరున ఏడ్చింది. చెల్లెలి దుఃఖం అనుకున్నాం. ఆమె మాత్రం లేచి బావ ముందుకొచ్చి కూర్చుంది.

“నేనొక మాట దాసిన బావా. ఆనాడు నువ్వు లేసి పోయినంక అక్క ఏడ్వలే. నవ్వింది.”

యెషయన్న తలెత్తాడు.

“‘పోయిండు సూడు’ అని నవ్వింది. కండ్లు మూసుకోని, నువ్వు యాడ ఇడిసినవో ఆడ అందుకున్నది. మిగిలిందంత తనే చేసి, ఆమేన్ అన్నది. గట్ల చేస్తవేందక్కా అంటే, ‘రోజూ గిదే గదనే’ అన్నది.”

“రోజూనా?”

“పెండ్లయిన కాడికెల్లి. నువ్వు లేసిపోయిన ప్రతి ప్రార్థన అక్కనే ముగిస్తుండెనట. ‘మీ బావ ప్రార్థన ఒక్కటి గూడ సగంల పడి లేదు’ అన్నది. ఇంకో మాట గూడ అన్నది బావా. ‘దేవుడు ఈడనే ఆగి ఉంటడని మీ బావ ఫికరు. ఆగడే. మీ బావ చెప్పులేసుకోకముందే దేవుడు వాకిట్ల ఉంటడు. ఎన్కకెల్లి మాటలు అందిచ్చుడే నా పని’ అన్నది. జరసేపటికి కన్ను మూసింది.”

“ఏడాది సంది ఎందుకు చెప్పలే బిడ్డా?”

“కోపముండె. మా అక్క చెయ్యి ఇడిసి పోయినవని. చెప్తె నీ మనసు తేలికైతదని ఎర్కే. తేలిక గావద్దనే చెప్పలే.” ఆమె కొంగు ముఖాన కప్పుకుంది. “దేవవ్వను సూసినప్పుడల్ల నాలిక దాక ఒచ్చేది. మింగుకున్న. తప్పు చేసిన.”

యెషయన్న మరదలి తల మీద చేయి పెట్టాడు. ఏడుస్తాడనుకున్నాం.

“మరి అంతగనం ఎందుకు తిడుతుండె నన్ను?”

“అదే అడిగిన. తిట్టకపోతె మొదలు గూడ పెట్టవని చెప్పింది.”

ఆయన నవ్వాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, పొట్ట పట్టుకుని నవ్వాడు. పాస్టరయ్య కూడా నవ్వు ఆపుకోలేక బైబిలు అడ్డం పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున అవతలి కిటికీ రెక్కలు తెరుచుకున్న చప్పుడు విన్నాను. ప్రార్థన మొదలైంది. ఇంట్లో ఎలీసబెతు జొన్నరొట్టె చేస్తోంది. ఇద్దరం మాట్లాడుకోలేదు గాని ఇద్దరి చెవులూ గోడకే ఉన్నాయి. ఆ గొంతు పిల్లల కోసం, రోగుల కోసం అడుగుతూ వచ్చి, దేవవ్వ కాళ్ళ నొప్పుల దగ్గర తటాలున ఆగింది. తలుపు చప్పుడు, చెప్పుల చప్పుడు. ఎవరి కోసమో, దేని కోసమో తెలీదు.

ఎలీసబెతు పెనం మీద రొట్టె వేసి నా వైపు చూసింది. తర్వాత పిండి చేతులు రెండూ జోడించి, కళ్ళు మూసుకుంది. “దేవవ్వ కాళ్ళకు బలమియ్యి ప్రభువా,” అని మొదలుపెట్టింది. తొందరేం పడలేదు. దేవవ్వ కోసం అడిగింది, లింగమూర్తి నిద్ర కోసం అడిగింది, రాయమల్లు మేక కోసం కూడా అడిగింది. పొగ లేస్తోంది. రొట్టె తిప్పుదామా అనుకున్నాను గాని చేతులు రాలేదు.

ఆమె ఆమేన్ అన్నది. నేనూ అన్నాను. ఆ పూట ఇద్దరం మాడిన రొట్టె తిన్నాం.