ఏ యూనివర్సిటీ అండీ?

పాలకొల్లు గోపాలకృష్ణమూర్తి గారికి ఒక్కటే జబ్బు. ఎవరి పేరు ముందైనా 'డా.' కనబడిందంటే ఆయనకి తిన్నది అరగదు. శుభలేఖ కానివ్వండి, ఫ్లెక్సీ కానివ్వండి, చివరికి పెద్దకర్మ కార్డు కానివ్వండి, జేబులోంచి ఎర్ర పెన్ను తీసి ఆ 'డా.' చుట్టూ సున్నా చుట్టేస్తారు. తర్వాత ఆ మనిషిని వెతికి పట్టుకుని, ఎంతో మర్యాదగా, "ఏ యూనివర్సిటీ అండీ?" అని అడుగుతారు.

ఈ ప్రశ్నకి జడవని వాడు ఊళ్ళో లేడు. పశువుల డాక్టరు అబ్బులు గారిది నికార్సయిన పట్టా. అయినా పాపం, దాని జిరాక్సు మడిచి జేబులో పెట్టుకునే తిరుగుతాడు. ఓసారి గేదెకి ఇంజక్షన్ చేస్తుండగా మూర్తి గారు అటువైపు వచ్చారు. అంతే, సిరంజి గేదెకే వదిలేసి జిరాక్సు తీశాడు. "మీది చూశాను కదండీ, కానివ్వండి" అని మూర్తి గారు దయతలిచేసరికి గేదె వీధి చివరికి వెళ్ళిపోయింది.

డిగ్రీ కాలేజీ పరీక్షల విభాగంలో ముప్ఫై మూడేళ్ళు పనిచేసి రిటైరైన మనిషాయన. ఒక్క మార్కు తేడా వస్తే ఆ పూట అన్నం ముట్టేవారు కాదు. అలాంటాయన కళ్ళ ముందే ఊళ్ళో డాక్టరేట్లు దోమల్లా పెరిగిపోయాయి. వాస్తు చెప్పేవాడు డాక్టరు, చేపల చెరువుల మేతల ఏజెంటు డాక్టరు, ఆఖరికి కేటరింగ్ అప్పాజీ కూడా డాక్టరే. "పనసపొట్టు కూర మీద పరిశోధనా అండీ?" అని పెళ్ళి బంతిలో అందరి ముందూ అడిగితే, అప్పాజీ సాంబారు బకెట్టుతో సహా వంటశాలలోకి పరిగెత్తాడు. ఆ వరసకి ఇక సాంబారు రానేలేదు.

"చెయ్యి చూసే డాక్టరంటే సరే. చదివి చదివి కళ్ళు పోగొట్టుకున్న డాక్టరన్నా సరే. ఈ చెయ్యి తడిపిన డాక్టర్లేంటే అమ్మణ్ణీ?" అని ఇంట్లో భార్య ముందు చిందులు తొక్కేవారు.

"ముందు మీ చెయ్యి కడుక్కుని రండి, అన్నం చల్లారిపోతోంది" అనేది ఆవిడ.

ఈ చిందులన్నీ ఊరికే పోకుండా ఫేస్‌బుక్కులో పేజీ ఒకటి పెట్టారు. దాని పేరు 'పట్టాపంచలు'. టైపు చెయ్యడం మాత్రం ఆయన వల్ల కాలేదు. ఆ పని అమ్మణ్ణి గారి అన్నకూతురు ఉమాశ్రీ నెత్తిన పడింది. ఆ అమ్మాయి పక్క వాటాలోనే ఉంటుంది. ఓ ప్రైవేటు స్కూల్లో పదో తరగతికి తెలుగు చెబుతుంది. తండ్రి మంచాన పడ్డాక ఇంటికి ఆ జీతమే ఆధారం.

"పటాపంచలు కదా మావయ్యా? మీరు తప్పు చెప్పారు."

"నేను తప్పు చెప్పడమేంటే! పట్టాలు పంచేవాళ్ళ పంచలూడదీసే పేజీ ఇది. రాయి."

రోజూ సాయంత్రం స్కూలు నుంచి రాగానే ఉమాశ్రీ ఫోను పట్టుకుని అరుగు మీద కూర్చునేది. మూర్తి గారు పచార్లు చేస్తూ చెప్పేవారు. అందులో తిట్టు పావు వంతైతే వ్యాకరణం ముప్పావు వంతు.

"విద్య, ఆలయం కలిస్తే విద్యాలయం. ఏ సంధి?"

"సవర్ణదీర్ఘం. ఇది కూడా టైపు చెయ్యాలా మావయ్యా?"

"చెయ్యాలి. అందులోంచి విద్య తీసేస్తే ఏం మిగిలింది? ఆలయం. ఆలయంలో ఈ దొంగ వెధవలకి కావలసిందేంటి? హుండీ. రాయి."

ఇలా ఒక రోజు సమాసాలు, ఒక రోజు ఛందస్సు, ఇంకో రోజు శాసనాల భాష. "మాస్టారూ, మాకు తిట్లు కావాలండీ, పాఠాలు వద్దు" అని కింద జనం మొత్తుకునేవారు. ఆయన వింటేనా! ఉమాశ్రీ కూడా విసుక్కునేది, టైపు చేసేది, ఎక్కడైనా తప్పు పోతే ఆయన చేత మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకునేది.

ఇలా ఉండగా మణిశంకర్ అనేవాడు వలలో పడ్డాడు. బస్టాండు దగ్గర స్టడీ సెంటరు నడుపుతాడు. ఒక 'డా.' చాలలేదు కాబోలు, పేరు ముందు రెండు పెట్టుకున్నాడు. రెండూ 'సెవెన్ ఓషన్స్ గ్లోబల్ యూనివర్సిటీ' వాళ్ళిచ్చినవేనట. "ఏడు సముద్రాలట! వీడు నరసాపురం రేవు దాటిన మొహమేనా?" అని మూర్తి గారు ఆ వెబ్‌సైటు తెరిపించారు. 'మా మెయిన్ క్యాంపస్' అని పెద్ద మేడ ఫొటో ఉంది.

"పెద్దది చెయ్యి. ఇంకా. ఆ గేటు దగ్గర అవేంటే?"

గేటుకి రెండు వైపులా అరటిబోదెలు కట్టి ఉన్నాయి. మూల నుంచి ఒకతను పప్పు బకెట్టుతో వస్తున్నాడు. ఊళ్ళో కళ్యాణమండపం అది! మూర్తి గారు అరుగంతా అదిరేలా నవ్వారు. ఉమాశ్రీ మాత్రం ఫోను బోర్లా పెట్టేసింది.

ఎందుకంటారా? ఆ అమ్మాయి ఎమ్మే పరీక్షలు రాసింది ఆ మండపంలోనే. దూరవిద్య అని మణిశంకరే ఆ సెవెన్ ఓషన్స్‌లో చేర్పించాడు, పరీక్షా కేంద్రం అదేనన్నాడు. మధ్యాహ్నం పులిహోర పొట్లాలు కూడా పంచారు. 'ఎంత మంచి యూనివర్సిటీయో' అనుకుంది పిచ్చిది. ఆ పట్టా చూసే ఆమెకి పదో తరగతి ఇచ్చారు. ఇప్పుడు స్కూలు వాళ్ళు టీచర్లందరి పట్టాలూ తనిఖీకి అడుగుతున్నారు. నెలాఖరు గడువు. ఉద్యోగం పోతుందన్న భయం ఒకటైతే, మావయ్య ఎర్ర పెన్ను తన పేరు మీదికి వస్తుందన్న భయం దానికి రెండింతలు.

"ఏంటే ఆగిపోయావు?"

"నెట్ స్లోగా ఉంది మావయ్యా." మూడు రోజులు పాలకొల్లులో నెట్ స్లోగానే ఉంది.

నాలుగో రోజు మణిశంకర్‌కి అదే మండపంలో సన్మానం. పట్టులాల్చీ, గజమాల, వెనక ఫ్లెక్సీ మీద రెండు డా.లు. మూర్తి గారు ఉమాశ్రీని వెంటబెట్టుకుని మొదటి వరసలో కూర్చున్నారు. శాలువా కప్పడం అయ్యీ అవగానే లేచారు.

"ఏ యూనివర్సిటీ అండీ?"

"సెవెన్ ఓషన్స్ అండి. రెండూనూ" అన్నాడు మణిశంకర్ నవ్వు పులుముకుని.

"దానికి గుర్తింపు ఎవరిచ్చారండీ?"

"వరల్డ్ సుప్రీం అక్రెడిటేషన్ కౌన్సిల్. జెనీవా అండి."

"అలాగాండీ" అని మూర్తి గారు వెబ్‌సైటులో ఉన్న జెనీవా నంబరు నొక్కారు. మణిశంకర్ లాల్చీ జేబులో సన్నాయి మోగింది.

"తియ్యండి, జెనీవా వాళ్ళు" అన్నారు మూర్తి గారు. "మీ మెయిన్ క్యాంపస్ కూడా బావుందండీ. అరటిబోదెలు మార్చారు, అంతే తేడా."

హాలంతా పడీ పడీ నవ్వింది. గజమాల ఎటు తియ్యాలో తెలియక మణిశంకర్ దాంతోనే వంటశాల దారి పట్టాడు. అక్కడ అప్పాజీ అప్పటికే దాక్కుని ఉన్నాడు.

ఇంటికొచ్చాక మూర్తి గారు మంచి ఊపు మీద ఉన్నారు. "రాయవే. ఈ ఏడు సముద్రాల యూనివర్సిటీ వెబ్‌సైటు జాబితాలో పూర్వ విద్యార్థులు నూట పన్నెండు మంది..."

ఉమాశ్రీ ఫోను అరుగు మీద పెట్టేసింది. "పేర్లు పెట్టకండి మావయ్యా. అందులో నలభై ఎనిమిదో పేరు నాది" అని బావురుమంది.

"నీది నలభై ఏడు" అన్నారాయన. "నలభై ఎనిమిది నరసాపురంలో లేసు అల్లే లోవలక్ష్మి."

ఉమాశ్రీ ఏడుపు ఆపేసింది. "మీకు తెలుసా!"

"నువ్వు పట్టా తెచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టిన రోజే తెలుసు. ఆ ముద్రలో యూనివర్సిటీ స్పెల్లింగే తప్పు."

అప్పుడు వెలిగింది ఆ అమ్మాయికి. ఊరందరినీ అడిగిన మనిషి, గేదె దగ్గర అబ్బులు గారిని కూడా వదలని మనిషి, తనని మాత్రం ఆ రోజు ఏ యూనివర్సిటీ అని అడగలేదు. నోట్లో ఓ కాజా పెట్టి, "పేజీకి టైపు చేసి పెట్టవే" అన్నారు, అంతే.

"మరి చెప్పలేదేం?"

"చెబితే చదువు మానేసి ఏడుస్తూ కూర్చుంటావు. మోసం చేసినవాడు వేరు, మోసపోయినవాళ్ళు వేరు. నీ పేరు వీధిలో పెట్టడానికి నేనేమన్నా మణిశంకర్నా?"

"ఆ పోస్టులన్నీ ఓసారి వరసగా చదువుకోవే" అంది వంటింట్లోంచి అమ్మణ్ణి గారు. "ఎమ్మే తెలుగు సిలబస్ పక్కన పెట్టుకునే నీ చేత రాయించారు. తిట్లు తాలింపుకి వేశారు."

మూర్తి గారు సిగ్గుపడి వీధిలోకి చూశారు. తర్వాత లోపలి నుంచి కాగితాల కట్ట తెచ్చారు. అసలైన యూనివర్సిటీ దూరవిద్య దరఖాస్తులు. పైన ఉమాశ్రీది, దాని కింద లోవలక్ష్మిది, ఇంకా బోలెడు. "సంతకం పెట్టు. రేపు స్కూలుకి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పు. నేనూ వస్తాను."

మర్నాడు ఉమాశ్రీ కరస్పాండెంటు గారికి ఒక్క అక్షరం దాచకుండా చెప్పింది. ఆయన నుదురు ముడేశారు. ఆయన తలుపు మీదా ఓ 'డా.' ఉంది. మూర్తి గారు పెన్ను తియ్యలేదు, జేబు మీద చెయ్యి వేశారంతే. పాసయ్యేదాకా ఆరో తరగతికి చెప్పుకోమన్నారు కరస్పాండెంటు గారు. పై వారానికి ఆ తలుపు మీద 'డా.' మాయమైంది.

రెండేళ్ళు తిరిగేసరికి ఉమాశ్రీ పాసయింది. మొన్న అసలు పట్టా పోస్టులో వస్తే, మూర్తి గారు దాన్ని అరుగు మీదికి తెచ్చి, వీధిలో పోయే నలుగురినీ కేకేసి ఆపారు. కళ్ళజోడు సర్దుకున్నారు. మేనకోడలి వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, ఊరంతా వినబడేలా అడిగారు.

"ఏ యూనివర్సిటీ అండీ?"

ఉమాశ్రీ నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ, యూనివర్సిటీ పేరు పూర్తిగా చెప్పింది.

"ఇంకోసారి చెప్పండి. అబ్బులు గారికి వినబడలేదు."

అబ్బులు గారు ఉలిక్కిపడి జేబులోంచి జిరాక్సు తీశాడు.