దీమం మోసే మనిషి

డెల్మర్ ష్రాగ్ ఎడమ భుజంలో దిగింది బాణం. ఆసుపత్రి కాగితంలో మాత్రం ముళ్ళకంచె గీరుకుందని ఉంది. అలా చెప్పమన్నది వేటలు నడిపే యజమాని గారెట్ పోల్. తలూపి సంతకం పెట్టింది డెల్మరే. నాలుగేళ్ళయింది. ఆ చెయ్యి ఇప్పటికీ భుజం దాటి పైకి లేవదు. పన్నెండో ఏట నుంచి విల్లు పట్టిన మనిషి ఆ తర్వాత మళ్ళీ విల్లెత్తలేదు. బాణం వేసిన పెద్దమనిషి మర్నాడు మళ్ళీ అదే వేటమంచె ఎక్కాడు.

కాన్సాస్‌లో నవంబరు వచ్చిందంటే మగ జింకలకు ఒళ్ళు తెలియదు. ఆడదాన్ని వెతుక్కుంటూ తిరుగుతాయి, కొత్త మగది కనబడితే చాలు కలబడడానికి వస్తాయి. వాటిని మంచె కిందికి రప్పించడానికి ప్లాస్టిక్ జింకను నిలబెడతారు. మన వేటగాళ్ళు దీమం అన్నది ఇలాంటిదాన్నే. గారెట్ దగ్గరికి వేటకొచ్చే పట్నంవాళ్ళు చీకటితోనే మంచె ఎక్కి కూర్చుంటారు. వాళ్ళు నడిచిన దారిలో ఇంకో మనిషి వాసన పడకూడదు గనక, బొమ్మను వీపున వేసుకుని చేను చుట్టి మరోవైపు నుంచి మోసుకొచ్చేది డెల్మర్. ఆయనకిప్పుడు అరవై రెండు.

ఆ పనికో పద్ధతి ఉంది. చేతులకు రబ్బరు గ్లవ్స్ ఉండాలి. బొమ్మకు ఒక కొమ్ము మాత్రమే తగిలించాలి. రెండోది కొట్లాటలో పోయిందనుకుని వచ్చే జింక ధైర్యంగా వస్తుంది. మంచెకు ఇరవై గజాల్లో, బొమ్మ ముఖం మంచె వైపు ఉండేలా నిలబెట్టాలి. పోట్లాటకొచ్చిన మగది ఎదుటిదాని ముఖం చూడనిదే ఊరుకోదు. చుట్టూ తిరిగి ముందుకొస్తుంది, అప్పుడు దాని పక్కటెముకలు బాణానికి అందుతాయి.

ఆ పద్ధతిలో లేనిదల్లా మోసేవాడి ప్రాణం. మసక వెలుతురులో, జొన్న కోసిన చేల మీదుగా వచ్చే కొమ్ము కనబడుతుంది, చెవులు కనబడతాయి. కింద మనిషి కనబడడు. అందుకే భార్య లోరీన్ పాత కోటు కత్తిరించి నారింజ రంగు గుడ్డ ఒకటి కుట్టి ఇచ్చింది. అది నాలుగేళ్ళుగా జేబులోనే ఉంది.

"గుడ్డ కడుతున్నావా?" అని అడిగేది ఆమె, క్యాబేజీ, మాంసం కూరిన బన్నులు పొట్లం చుడుతూ.

"ఆఁ."

"అబద్ధం ఆడేటప్పుడైనా నా మొహం చూడు. దాని మడతైనా నలగలేదు."

గారెట్ వద్దన్నాడు మరి. "రోడ్డు పనివాళ్ళలా ఆ గుడ్డేంటి పెద్దాయనా? జింకలు బెదిరి చస్తాయి." జింక కంటికి ఆ రంగు ఆనదని డెల్మర్‌కు తెలుసు. గారెట్‌కూ తెలుసు. అసలు బాధ వేటకొచ్చినవాళ్ళు తీసుకునే వీడియోలతో. అడవిలో తానొక్కడే ఉన్నట్టు కనబడాలని వచ్చినవాడి సరదా. అందులో గుడ్డ కట్టుకున్న ముసలాయన ఎందుకు? ఈ వయసులో ఇంకో పని ఎవరిస్తారని డెల్మర్ నోరు మూసుకున్నాడు.

ఈ ఏడు మిస్సోరీ నుంచి నడీన్ అనే ఆవిడ వచ్చింది. వెల్డింగ్ పని చేస్తుంది, యాభై దాటి ఉంటాయి. ట్రక్కు దిగుతూనే డెల్మర్ వీపు మీద బొమ్మను చూసి ఆగిపోయింది.

"రంగు గుడ్డేదండీ?"

"జింకలన్నీ ఈయన్ని చుట్టం అనుకుంటాయి మేడమ్," అని నవ్వాడు గారెట్. "ఏం ఫరవాలేదు."

"నేనడిగింది జింకల గురించి కాదు. నా కళ్ళ గురించి. నా దూరపుచూపు అంతంతమాత్రం, చేతిలో బాణం ఉంటుంది."

"వీడియోలో బాగోదు మేడమ్."

"నేను వీడియో తియ్యను. ఆయన కట్టుకుంటే మంచె ఎక్కుతా. లేకపోతే ఇక్కడే కూర్చుని మీ కాఫీ అంతా తాగేస్తా."

గారెట్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. డెల్మర్ జేబులోంచి గుడ్డ తీశాడు గానీ, దాన్ని బొమ్మ కొమ్ముకు కట్టడానికి చెయ్యి లేవలేదు. ఆమే కట్టింది.

"చేతికేమైంది?"

డెల్మర్ గారెట్ వైపు చూశాడు. "కంచె," అన్నాడు.

చేను చుట్టి వచ్చి బొమ్మను నిలబెట్టేసరికి ఆయన కాళ్ళలో సత్తువ అయిపోయింది. ముఖం మంచె వైపు తిప్పాడు. తోక సర్దాడు. గుడ్డ విప్పడం మాత్రం మర్చిపోయి గట్టు వెనక గుంటలోకి వెళ్ళి పడుకున్నాడు.

తెల్లారాక మగ జింక వచ్చింది. చెవులు వెనక్కి నొక్కి, వెంట్రుకలు నిక్కబొడుచుకుని, కాళ్ళు బిగబట్టి నడిచింది. గాలికి గుడ్డ టపటప కొట్టుకుంటూనే ఉంది. జింక దాన్ని లెక్క చేయలేదు. చుట్టూ తిరిగి బొమ్మ ముఖం ముందుకొచ్చి, పక్కకు నిలబడింది. బాణం తగిలాక అరవై అడుగులు పరిగెత్తి పడిపోయింది.

నడీన్ మంచె దిగి వచ్చి పగలబడి నవ్వింది. "విప్పడం మర్చిపోయారు చూశారా!"

డెల్మర్ నవ్వలేదు. నేల మీద కూర్చుండిపోయాడు.

"కంచె కాదమ్మా," అన్నాడు. "బాణం."

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఎవరు వేశారు?"

"నేనాయన పేరు అడగలేదు. ఆయనా నా పేరు అడగలేదు."

"మరి కంచె అన్నారేం?"

"ఆసుపత్రి కాగితంలో అలాగే ఉంది. సంతకం నాదే కదా."

మర్నాడు నడీన్ వెళ్ళిపోయింది. ఇంకొకాయన వచ్చాడు, కెమెరాతో. ఆయన ఏమీ అడగలేదు. "నిన్నటిది నిన్నటితో సరి పెద్దాయనా," అన్నాడు గారెట్. గుడ్డకు జింక బెదరలేదని ముందు రోజే తేలింది. అయినా డెల్మర్ దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, బొమ్మను వీపున వేసుకుని, మసకలో చేల వైపు నడిచాడు.

మీలో ఎవరైనా ఎప్పుడైనా అలాంటి మంచె ఎక్కవలసి వస్తే, విల్లు అందుకునే ముందు బొమ్మ మోసే మనిషి వైపు చూడండి. రంగు గుడ్డ ఏదని అడగండి. కట్టేదాకా ఎక్కకండి. వేటకు వెళ్ళే స్నేహితులుంటే ఈ మాట వాళ్ళ చెవిన వేయండి. డెల్మర్ అడిగితే పని పోతుంది. మీరు అడగండి.