వాల్యా మొద్దుల పిచ్చి

కొత్తగూడ దిక్కు తండాల ఉండే వాల్యాకు ఒకటే పిచ్చి, కూలిన చెట్టు. ఎవరింటికి పోయినా ముందు మొద్దును పలకరించి ఆ తర్వాతనే మనిషిని పలకరిస్తడు. గాలిదుమారం లేస్తే అందరు తలుపులేసుకుంటరు, వాల్యా రంపం చంకల పెట్టుకొని బయలెల్లుతడు. రోడ్డు వెడల్పు చేసేటోళ్లు చెట్టు కొట్టిన్రని తెలిస్తే సావుకు పోయినట్టు పోయి, పెండ్లికి పోయొచ్చినట్టు వస్తడు.

ఆ మొద్దులకు బొక్కలు పొడిచి, పుట్టగొడుగుల విత్తనం కూరి, మీద మైనం రాసి నీడకు పండవెడతడు. నిలవడ్డ చెట్టు మీద మాత్రం చెయ్యి వెయ్యడు. పుచ్చినదాన్ని ముట్టడు. కొత్తగ కూలిన మామిడి కనవడితే దాని చుట్టు తిరుగుకుంట పిల్లను చూడవోయినట్టు చూస్తడు. "మా ఆయనకు నేను యాదికి రావాల్నంటే నా నెత్తి మీద గూడ పుట్టగొడుగు మొలవాలె" అని భార్య సుక్కి బోరింగు కాడ చెప్పుకునేది. జనం ఆయనకు మొద్దు సారని పేరు పెట్టిన్రు. పుట్టగొడుగులు లేచిన్నాడు గిన్నె పట్టుకొని ముందుగాల ఉరికొచ్చేది గూడ వాళ్లే.

పక్కూరి సరోజకు మాత్రం వాల్యాను చూస్తే నవ్వు కాదు, మంట. ఒక్కతే మనిషి. పత్తి ఏరబోయి కాలు విరగ్గొట్టుకున్నది, కూలి బందైంది. అంతల్నే గాలికి పెరట్ల మామిడి చెట్టు కూలి వంట కొట్టం మీద పడ్డది. ఆమె ఏడుపు అందుకునేలోపల్నే వాల్యా దిగిండు.

వచ్చినోడు కాలెట్లున్నదని అడగలే. సక్కగ పెరట్లకు పోయి మొద్దును తట్టి, మస్తుగున్నదన్నడు. కొట్టం కూలి నేనేడుస్తుంటె నీకు మొద్దే కానొస్తున్నదా అని సరోజ నిలదీసింది. వాల్యా ఇననట్టే కొమ్మలు కోసిండు. రేకులు లేపి కొట్టం మళ్ల నిలవెట్టిండు. రేకులు అడ్డమున్నయి, లేకపోతే నాకెందుకీ బాధ అని సణిగిండు. మొద్దును ముక్కలు చేసి, విత్తనం కూరి, గోడ నీడకు పేర్చిండు.

"మా ఇంట్ల జాగ లేదు చెల్లె. ఇంకోటి తెస్తే సుక్కి ఎల్లగొడ్తనన్నది. గిక్కడ్నే ఉండనియ్యి. కూసున్న కాడికెల్లే జర నీళ్లు చిలకరించు" అన్నడు.

కాలిరిగినదాన్ని గూడ కూలికి పెట్టుకున్నడని సరోజ వచ్చినోళ్లందరికి చెప్పింది. రోజు తిట్టింది, రోజు నీళ్లు చిలకరించింది.

వానలు పడ్డంక మొద్దులన్ని తెల్లగ విరబూసినయి. నీ సరుకు తీస్కపొమ్మని కబురు పంపితే వాల్యా రాలే. సుక్కి బుట్ట తీసుకొని, ఆటో మాట్లాడుకొని వచ్చింది, సరోజను సంతకు తీస్కపోతనని.

"ఇవి నీవే. మా ఇంట్ల మస్తు జాగున్నది. పని చేసుకోలేనోళ్ల పెరట్లనే ఏదో అబద్ధం చెప్పి మొద్దులు పెట్టొస్తడు. వద్దంటరేమోనని భయం."

సంతకెల్లి మర్లొస్తుంటె సరోజ తండాల ఆటో ఆపిచ్చింది. వాల్యా ఎవరో తెచ్చిన చింతమొద్దును గీకి చూస్తున్నడు, తల ఎత్తలే.

"ముందుగాలనే చెప్తే ఏమైతుండె అన్నా?"

"చెప్తే దండం పెట్టి ఊకుంటుంటివి. నా మీది కోపానికి యాళ్లకు నీళ్లు పోసినవు" అన్నడు వాల్యా.

సరోజ నవ్వాపుకుంట, వచ్చే పంట దాక తిడుతనే ఉంటనని చెప్పి ఆటో ఎక్కింది.