తొమ్మిది దినాలుగా దారిలో ఉన్న మెకానిక్

ఆ రోజుల్లో మా ఇబ్రహీంపట్నంలో ఏ వ్యాపారం పెట్టినా నడిచేది. హైదరాబాద్ నగరం సాగర్ రోడ్డు పట్టుకుని మా వైపే వస్తోందని అందరికీ తెలిసిపోయింది. నిన్నటిదాకా కందులు పండిన చెలకల్లో తెల్లరాళ్ళు పాతి, వాటికి ఏవేవో వనాల పేర్లు పెట్టేవారు (చెట్లు మాత్రం బోర్డు మీదే ఉండేవి). టీకొట్టువాడు హోటల్ కట్టాడు, హోటల్‌వాడు ఫంక్షన్ హాలు కట్టాడు. అలాంటి కాలంలో ఒక దుకాణం మూతపడాలంటేనే కొంత ప్రతిభ కావాలి. అక్కడితో ఆగకుండా, ఆ వస్తువు పేరెత్తితేనే జనం తలుపులేసుకునేలా చేయాలంటే చదువు కూడా కావాలి. నేను అప్పటికే డిగ్రీ పాసై ఉన్నాను.

మాది సోలార్ వాటర్ హీటర్ల దుకాణం. ఓనరుగారు కోస్తా నుంచి వచ్చి నగరం శివార్లలో స్థిరపడిన మనిషి. మాటకు ముందొక అండి, వెనకొక అండి ఉండేవి కాబట్టి మేం ఆయన్ను అండిగారు అనేవాళ్ళం (ఎదురుగా కాదు). అమ్మడంలో ఆయనకు సాటి లేరు, ముఖ్యంగా వేసవిలో. మే నెలలో మా ఊళ్ళో ఏ నల్లా తిప్పినా నీళ్ళు కాగే వస్తాయి. ఆ నెలలో హీటర్ బిగిస్తే అది అద్భుతంగా పనిచేసేది. చలికాలం వచ్చేసరికి మా బోరునీళ్ళలోని సున్నం రాగి గొట్టాల్లో పేరుకుని, హీటరు మెల్లగా చల్లని నీళ్ళ తొట్టిగా మారేది. సున్నం కడిగితే చాలు, మళ్ళీ పనిచేస్తుంది. కడిగేవాడే తక్కువ. అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి మంచాల దాకా అన్ని డాబాలకూ మాకు ఒక్కడే మెకానిక్. జనం అతన్ని దర్శనం అన్న అనేవారు, ఎందుకో మీరే ఊహించుకోవచ్చు. పనిమంతుడే పాపం, కానీ కొత్తవి బిగించడానికే అతనికి పొద్దు చాలేది కాదు. కొత్త గిరాకీని పట్టుకోవాలి, పాత గిరాకీ ఎక్కడికి పోతుందండీ అన్నది ఓనరుగారి సిద్ధాంతం.

ఇక నా ఉద్యోగం ఫోన్ ఎత్తడం. గొంతు బాగుందని తీసుకున్నారు. గోడకు ఒక తెల్లబోర్డు ఉండేది. ఫిర్యాదు రాగానే ఆ ఇంటివాళ్ళ పేరు దానిమీద రాయాలి. 'మెకానిక్ బయల్దేరిండు' అని వాళ్ళకు చెప్పగానే తుడిచేయాలి. అది దుకాణం పద్ధతి. మెకానిక్ చేరాడా లేదా అన్న ప్రశ్నకు ఆ పద్ధతిలో చోటు లేదు. సాయంత్రానికి బోర్డు మల్లెపువ్వులా ఉండేది, ఓనరుగారు దానికేసి చూసి తృప్తిగా తల ఊపేవారు. నేను కూడా పని మీద శ్రద్ధ పెంచుకున్నాను. అబద్ధమైనా దానికో భూగోళం ఉండాలని నా నమ్మకం. నాదర్‌గుల్ వాళ్ళకు మెకానిక్ విమానాల మైదానం దగ్గర మలుపు తిరుగుతున్నాడని, మంచాల వాళ్ళకు ఆగపల్లి దాటాడని చెప్పేవాణ్ణి. ఒకే నిమిషంలో అతను రెండు దిక్కులా ప్రయాణం చేసిన రోజులున్నాయి.

మంచాలలో మా మేనత్త ఉండేది. ఆ ఏడు ఆమెకు కంటి ఆపరేషన్ అయింది. దవాఖానలో డాక్టరమ్మ పొగ తగలనీయొద్దని గట్టిగా చెప్పింది. చలికాలంలో అత్తమ్మ బిడ్డ, అంటే నాకు వదిన, పురిటికి రావాల్సి ఉంది. బాలింతకూ పసిబిడ్డకూ రోజూ వేడినీళ్ళు కావాలి, వేడినీళ్ళంటే కట్టెలూ కాగూ పొగా. నేను ఆ ఇంటి అరుగు మీద కూర్చుని ఓనరుగారి దగ్గర నేర్చుకున్నదంతా అప్పజెప్పాను. అత్తమ్మ సగం విని, 'నువ్వు చెప్తున్నవు గద' అని ఒప్పుకుంది. అత్తమ్మ పెట్టించుకుందని ఆ గల్లీలో మరో ఏడిళ్ళు పెట్టించుకున్నాయి. మా వైపు వస్తువును చూసి కొనరు, కొన్న మనిషిని చూసి కొంటారు.

కార్తీకం చివర్లో అత్తమ్మ ఫోన్ చేసింది. నీళ్ళు కాగడం లేదట, వదినకు నెలలు నిండాయట, పురుడయ్యేలోపు ఎవరినన్నా పంపమంది. సొంత మేనత్త. ఇక్కడ నేను లేచి దర్శనం అన్న బండి తాళాలు గుంజుకుని ఉండాలి. కానీ నోటికి అలవాటన్నది ఒకటుంటుంది. 'ఫికర్ చెయ్యకు అత్తమ్మా, మెకానిక్ బయల్దేరిండు' అన్నాను. పేరు తుడిచేశాను. మర్నాడు మళ్ళీ చేసింది. మళ్ళీ బయల్దేరదీశాను. మిగతా గిరాకీలంతా రెండు రోజులకు విసిగి తిట్టి మానేసేవారు. అత్తమ్మ తిట్టలేదు. ఆమె నమ్మింది.

ఆమె నమ్మిందంటే దాని అర్థమేమిటో నాకు పదో రోజున తెలిసింది. పని మీద ఇంటికొచ్చే మనిషికి అన్నం పెట్టకుండా పంపడం ఆ ఇంట్లో లేదు. మెకానిక్ బయల్దేరాడని నేను చెప్పిన ప్రతిరోజూ అత్తమ్మ ఒక సోలెడు బియ్యం ఎక్కువ పోసింది. ఆదివారం కోడిని కోసింది. (ఆ తొమ్మిది రోజుల్లో మామ కాస్త ఒళ్ళు చేశాడని తర్వాత విన్నాను.) పదో రోజు మధ్యాహ్నం, దుకాణంలో ఇద్దరు కొత్త గిరాకీలు కూర్చుని ఉండగా, అత్తమ్మ బస్సు దిగి చేతిలో సద్ది గిన్నెతో లోపలికొచ్చింది. దాన్ని నా బల్ల మీద, ఫోన్ పక్కన పెట్టింది.

'అల్లుడా, మీ మెకానిక్ బయల్దేరి తొమ్మిది దినాలాయె. తొవ్వల ఏమన్న తిన్నడో లేదో. గీ సద్ది ఆయనకు ముట్టజెయ్యి.'

గొంతు పెంచలేదు. నా గొంతు బాగుంటుందన్న సంగతి ఆ క్షణాన నాకే గుర్తు రాలేదు. ఓనరుగారు పరుగున లేచి, కూర్చోండమ్మా, కాఫీ తాగుతారాండీ అన్నారు.

'వద్దు సారూ. మీ తాన కూసుంటే మాటలతోనే కడుపు నింపుతరు' అని ఆమె వెళ్ళిపోయింది. గిరాకీలిద్దరూ కూడా ఏదో పని గుర్తొచ్చినట్టు ఆమె వెనకాలే వెళ్ళిపోయారు.

మర్నాడు దర్శనం అన్న నిజంగానే మంచాల వెళ్ళాడు. అప్పటికి అత్తమ్మ హీటరును కప్పు మీది నుంచి దింపించేసింది. అయినా అతనికి కడుపునిండా అన్నం పెట్టి పంపింది, ఆయన తప్పేముంది అని. 'మస్తు పెట్టింది తమ్మీ. హీటర్ మీద మాత్రం చెయ్యి వెయ్యనియ్యలే' అని అతను తిరిగొచ్చి నాతో చెప్పాడు. ఆ గల్లీలోని ఏడిళ్ళూ అత్తమ్మను చూసే కొన్నాయి కదా, అత్తమ్మను చూసే దింపేశాయి. ఒకింట్లో ట్యాంకులో జొన్నలు పోసుకున్నారు. ఒకింట్లో గాజు పలక కింద వడియాలు పెడితే పూటలో ఎండిపోయాయి. ఎండ విషయంలో మా కంపెనీ చెప్పినవన్నీ నిజాలే. సంగతి ఆ గల్లీతో ఆగలేదు, బస్సుల్లో ఊరూరా పాకింది. కొన్నాళ్ళకు ఇంకో కంపెనీ కుర్రాడు టై కట్టుకుని మంచాల వచ్చి, మూడేళ్ళు ఉచితంగా సర్వీసు చేస్తామన్నాడట. అతని కంపెనీ మంచిదే కావచ్చు. అత్తమ్మకు మంచి కంపెనీ, చెడ్డ కంపెనీ అన్న తేడా అప్పటికే పోయింది. 'సూర్యుడు పిలవకున్నా దినాం టైముకొస్తుండు బిడ్డా. రానిది మీరే' అని మంచినీళ్ళిచ్చి పంపేసిందట. మా దుకాణం ఆ చలికాలం దాటలేదు. ఓనరుగారు అక్కడే ప్లాట్ల ఆఫీసు తెరిచి ఎంతో బాగుపడ్డారు. రాళ్ళు పాతాక సర్వీసు ఉండదండీ అని నాకు ఎంతో ఆత్మీయంగా వివరించారు కూడా.

వదినకు మగపిల్లవాడు పుట్టాడు. పిల్లాణ్ణి ఉయ్యాల్లో వేసే తొట్టెల ఫంక్షన్‌కు నేను సిగ్గుపడుతూనే వెళ్ళాను. అత్తమ్మ ఇంటి వెనక కాగు ముందు కూర్చుని ఊదుగొట్టంతో పొయ్యి ఊదుతోంది. రెండు కళ్ళూ చింతనిప్పుల్లా ఎర్రగా ఉన్నాయి, నీళ్ళు కారుతున్నాయి. ఇరవై రోజులుగా అంతేనట. నన్ను చూసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, తిన్నవా అని మాత్రం అడిగింది. తిట్టి ఉంటే ఇంటికెళ్ళి నిద్రపోయేవాణ్ణి.

మర్నాటి నుంచి దర్శనం అన్న బండి వెనక ఎక్కాను. ఉద్యోగం పోయింది కాబట్టి ఇద్దరికీ కావలసినంత తీరిక. గొట్టాలు విప్పడం, సున్నం కరిగించే మందు కలపడం, అది చేతుల మీద పడితే ఎగరడం, అన్నీ నేర్చుకున్నాను. నెల తిరిగేసరికి మంచాల వెళ్ళి, వచ్చే ఆదివారం వచ్చి నీ హీటర్ బాగుచేస్త అత్తమ్మా అన్నాను.

'వస్త అనకు. వచ్చినంక చెప్పు' అంది.

ఆదివారం చెప్పాపెట్టకుండా వెళ్ళాను. హీటరు కొట్టంలో ఉంది. గాజు పగలకుండా పరిచిన గడ్డిలో ఒక కోడి పొదుగుతోంది. అత్తమ్మ దాన్ని లేపనివ్వలేదు. పిల్లలు లేచేదాకా ఆగమంది. ఊరందరినీ ఆగమని చెప్పి బతికినవాణ్ణి, ఒక కోడి కోసం మూడు వారాలు ఆగాను. (కోడి మాత్రం చెప్పిన రోజుకే పని పూర్తి చేసింది.) ఆ తర్వాత రెండు ఆదివారాలు కడిగి, మామా నేనూ కలిసి కప్పు మీదికెక్కించి బిగించాం. పొద్దుటి ఎండంతా తాగి మధ్యాహ్నానికి హీటరు సిద్ధమైంది. కింద నల్లా తిప్పి బకెట్ పట్టాను. అత్తమ్మ నా మొహం చూడకుండా నీళ్ళలో చెయ్యి పెట్టి, చటుక్కున తీసేసింది. చన్నీళ్ళు కలపమని వదినకు చెప్పింది. మనవడికి తనే నీళ్ళు పోసింది. నేను మెట్ల మీద కూర్చుని గోళ్ళలోని సున్నం గీక్కుంటున్నాను.

పిల్లాణ్ణి తుండుగుడ్డలో చుట్టి వదిన చేతికిచ్చాక, ఆమె మెట్లెక్కింది, వెనకే నేనూ ఎక్కాను. డాబా పిట్టగోడ దగ్గర నిలబడి పక్కింటి పెద్దమ్మను కేకేసింది. 'మా అల్లుడొచ్చిండు. నీది గూడ చూపిచ్చుకో' అంది.

ఆ మాట విన్నాక నేను అత్తమ్మ డాబా దిగి, వీధి చుట్టి, వాళ్ళ డాబా ఎక్కి ఉండవచ్చు. రెండిళ్ళకూ మెట్లున్నాయి. కానీ పానా జేబులో వేసుకుని, ఈ కప్పు మీది నుంచి ఆ కప్పు మీదికి గోడ దూకేశాను, చొక్కా మేకుకు తగులుకుని వీపు వెంట చిరిగింది కూడా. అంత తొందరేముండెనో ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది. అక్కడ నా కోసం ఎదురుచూస్తున్నది, అదీ కింది గదిలో, జొన్నలు పోసిన ట్యాంకు. ఇప్పుడూ నేను అదే పని చేసుకుంటూ బతుకుతున్నాను, కాకపోతే మెట్ల మీది నుంచే వెళ్తాను, ఒక్కో మెట్టుకూ తగిన గౌరవమిస్తూ.