నేల మీద కునుకు

మా నాన్న బండలు పరిచే మేస్త్రీ. గుణదలలో మా ఇంటి ముందు గదికి బండలు ఆయనే పరిచాడు. బెజవాడ ఎండల్లో మధ్యాహ్నం అన్నం తిని, చాప కూడా లేకుండా, ఆ బండల మీదే వెల్లకిలా పడుకునేవాడు. ఎక్కడా ఎత్తుపల్లం లేకుండా పరిచింది అందుకేనట. గుమ్మానికి అడ్డంగా పడుకున్న ఆయన్ని దాటలేక అమ్మ రోజూ విసుక్కునేది.

అన్నవాహిక చివర, సరిగ్గా కడుపు మొదట్లో, ఆయనకు క్యాన్సర్ గడ్డ వచ్చింది. చివరికి మంచినీళ్లు కూడా దిగలేదు. ఆపరేషన్ చేసే దశ దాటిపోయిందన్నారు. సన్నటి లోహపు తీగలతో అల్లిన గొట్టాన్ని, స్టెంట్ అంటారు, నోట్లోంచి దింపి గడ్డ ఉన్నచోట పెట్టారు. అది విచ్చుకుని దారి తెరిచింది. పాలల్లో నానబెట్టిన ఇడ్లీ దిగింది. ఆ తర్వాత మెత్తటి పప్పన్నం. అమ్మ వంటింట్లో నిలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచడం ఎందుకు.

బాగా నమలాలనీ, ముద్దకీ ముద్దకీ మధ్య సోడా గుక్క వేయాలనీ, ఎప్పుడూ తల ఎత్తుగా పెట్టుకునే పడుకోవాలనీ డాక్టరు గారు చెప్పారు. మొదటి రెండూ శ్రద్ధగా విన్నాం. మూడోది ఎవరికి పట్టింది? తిండి దిగితే చాలని వెళ్లినవాళ్లం.

పప్పన్నం తిన్న మధ్యాహ్నమే నాన్న అలవాటుగా నేల మీద వాలాడు. కాసేపటికే ఊపిరాడక, దగ్గుతూ లేచి కూర్చున్నాడు. తిన్నదీ, చేదు నీళ్లూ ముక్కులోంచి వచ్చాయి. కడుపులోది వెనక్కి రాకుండా మూసుకోవాల్సిన చోటును ఆ స్టెంట్ ఎప్పుడూ తెరిచే ఉంచుతుందని డాక్టరు గారు మళ్లీ విడమరిచి చెప్పారు. తీసేస్తే మెతుకు దిగదు. ఉంచితే నడుం వాల్చకూడదు. మందులతో మంట తగ్గింది గానీ, పడుకుంటే పైకి తన్నుకురావడం మానలేదు.

ఇక దిళ్ల మీద దిళ్లు. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు. నిద్రలో ఆయన కిందికి జారిపోతుంటే అమ్మ వెనక కూర్చుని తన మీదకు ఆనించుకునేది. చూడ్డానికి వచ్చినవాళ్లు, తింటున్నాడుగా, ఇంకేం కావాలి అనేవారు. వాళ్లను గుమ్మం బయటే ఆపేయాలన్నంత కోపం వచ్చేది నాకు. మనిషికి కావాల్సింది తిండి ఒక్కటేనా?

ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలంలో ఒక శుక్రవారం నాన్న ఉపవాసం ఉంటానన్నాడు. ఏ శుక్రవారమూ కోడికూర మానని మనిషి. ఇన్నాళ్లకి దేవుడు గుర్తొచ్చాడా అని అమ్మ ఆటపట్టించింది. ఆయన నవ్వలేదు. నా వైపు తిరిగాడు.

“కడుపులో ఏం లేకపోతే పైకి ఏమొస్తుందమ్మా? కాసేపు నేల మీద నడుం వాలుస్తా.”

పొద్దుటి నుంచీ ఏమీ ముట్టలేదు. మధ్యాహ్నం అమ్మ తుడిచిన బండల మీద వెల్లకిలా పడుకుని, అరచేతులు రెండూ నేలకు ఆనించాడు. కళ్లు మూతలు పడ్డాయి. గురక కూడా వచ్చింది. అమ్మా నేనూ పక్కన కూర్చున్నాం. ఆ గురక నాకు అంత ఇష్టమని అప్పటిదాకా తెలియదు. అంతలోనే ఒళ్లంతా కుదిపేస్తూ దగ్గు మొదలైంది. తిండి లేకపోయినా కడుపులో పైత్యం ఊరుతూనే ఉంటుందిగా. లేపి కూర్చోబెట్టాం. ఆ తర్వాత నేల మీద పడుకుంటానని ఆయన ఎప్పుడూ అడగలేదు.

ఆ చేదు నీళ్లే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా అయింది. వానలు మొదలు కాకముందే నాన్న పోయాడు.

ముందు గదిలో, ఆయన పరిచిన బండల మీదే శవపెట్టె ఉంచి, ఆయన్ని అందులో పడుకోబెట్టారు. తల అంత కిందికి ఉండడం చూశాను. ఏం చేస్తున్నానో తెలియకుండానే లోపలికి పరుగెత్తి మంచం మీది దిళ్లు తెచ్చాను. తల ఎత్తి వాటిని కిందకు తోయబోతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“వద్దమ్మా, తీసెయ్. ఇప్పుడేం పైకి రాదు. ఆయన్ని పడుకోనీ.”