ఉప్పాయన చెప్పిన పన్నెండు

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది కాగితాల మీద తప్ప ఎక్కడా వినపడదు. రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్లంతా ఆయన్ని ఉప్పాయన అనే పిలుస్తారు. చెరువులోంచి గ్లాసుడు నీళ్లు తెచ్చి ఇస్తే ఒక గుక్క నోట్లో పోసుకుని, కళ్లు మూసుకుని, నోరంతా తిప్పి, గట్టవతల ఉమ్మేసి అంకె చెబుతాడు. ఎనిమిదంటే ఎనిమిది, పదిహేనంటే పదిహేను. లీటరు నీళ్లలో అన్ని గ్రాముల ఉప్పుందని లెక్క. ఆ తర్వాత ఎవరైనా మీటరు పెట్టి చూసి తేడా వచ్చిందంటే, మీటరునే రిపేరుకు పంపేవారు.

ఈ విద్య ఆయనకు ఊరికే అబ్బలేదు. చిన్నప్పుడు తల్లి వెంట మొలలోతు పాయలో నడిచి, దోమతెర లాంటి వలతో రొయ్య పిల్లల్ని పట్టాడు. అప్పట్లో హేచరీలు లేవు, పిల్లలు కావాలంటే సముద్రాన్నే అడగాలి. తల్లి పాయ నీళ్లు నాలుక మీద వేసుకుని, ఈ పూట పిల్లలు ఎక్కడ దొరుకుతాయో చెప్పేది. కొడుక్కి ఆస్తి అంటూ ఇచ్చింది ఆ నాలుక ఒక్కటే. తర్వాత చారల రొయ్య కాలం వచ్చింది. గడ్డి కూడా మొలవదని వదిలేసిన నేలల్లో చెరువులు లేచాయి, బస్సు రాని దారుల్లో ఐసు లారీలు తిరిగాయి. ఆ వెనకే తెల్లమచ్చల రోగం వచ్చి ఒక్క ఏడాదిలో అంతా తుడిచిపెట్టుకుపోయింది. ఉప్పాయన ఏడేళ్లు ఇళ్లకు సున్నాలు వేసి బతికాడు.

మళ్లీ ఎక్కడో సముద్రాల అవతల నుంచి తెల్లరొయ్య దిగింది. దానితోపాటు హేచరీలు, నీళ్లు చిలికే చక్రాలు, రోగాలు కనిపెట్టే ల్యాబులు, కంటికి పెట్టుకుని ఉప్పు చూసే గొట్టాలూ దిగాయి. దేశం ఇప్పుడు ఓడలకు ఓడలు రొయ్యల్ని పైదేశాలకు పంపిస్తోందని పేపర్లో రాస్తారు. అంత పెద్ద వ్యవహారంలోనూ ఈ చుట్టుపక్కల చెరువులవాళ్లు, పిల్లల్ని తెప్పించే ముందు ఉప్పాయనకు గ్లాసు అందించడం మానలేదు. ఆయన చెప్పిన అంకెనే హేచరీకి ఫోన్ చేసి చెబుతారు. అక్కడివాళ్లు తమ తొట్లలో రోజుకింత చొప్పున ఉప్పు తగ్గించుకుంటూ, సరిగ్గా ఆ అంకెకు దించి పిల్లల్ని సంచుల్లో పంపిస్తారు. సంచిలో ఉప్పూ చెరువులో ఉప్పూ ఒకటైతే పిల్లలు బతుకుతాయి. పెద్ద తేడా వస్తే ఆ వెంట్రుకంత ప్రాణాలు తట్టుకోలేవు.

అలాంటి నాలుక రెండు నెలల కిందట పడుకుంది. వారం రోజుల జ్వరం తగ్గి లేచేసరికి, కాఫీ వేడిగా ఉందని తప్ప ఆయనకు ఇంకేమీ తెలియలేదు. నాలుగు రోజుల్లో అదే దారికొస్తుందనుకున్నాడు. రాలేదు. డాక్టరుకు చెప్పలేదు, ఇంట్లోనూ చెప్పలేదు. చెబితే పాతికేళ్లుగా తాను నిలబడ్డ చోటు కాళ్ల కింద నుంచి పోతుందని భయం. భార్య కూర వడ్డించి ఎలా ఉందని అడిగితే, ఉప్పూ కారం సమంగా పడ్డాయని రోజూ మెచ్చుకునేవాడు. పెళ్లయినప్పటి నుంచీ ఆవిడ ఇన్ని మెప్పులు ఎన్నడూ వినలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయన అన్న కూతురు గ్లాసు పట్టుకుని వచ్చింది. తొమ్మిదేళ్లు ఎవరెవరి చెరువుల మీదో సూపర్‌వైజరుగా చేసి, ఇన్నాళ్లకు తనకంటూ ఒక చెరువు తీసుకుంది. ఇదే మొదటి పంట. బాబాయి మాట మీదే మొదలుపెడతానని ఎదురుగా కూర్చుంది. ఉప్పాయన నీళ్లు నోట్లో పోసుకున్నాడు, కళ్లు మూసుకున్నాడు, నోరంతా తిప్పాడు. గోడను నాకినట్టుంది. ఆమె చెరువు నింపుకున్న పాయ నీళ్లు ఏటా ఈ నెలలో పన్నెండే ఉంటాయని మాత్రం గుర్తుంది. పన్నెండు అనేశాడు. ఆమె మారు మాట్లాడకుండా అక్కడే హేచరీకి ఫోన్ చేసింది. అంత నమ్మకం చూసి ఆయనకు సిగ్గేసింది గానీ, అన్న అంకెను వెనక్కి తీసుకోలేదు.

పదకొండో రోజు పొద్దున ఏడింటికి హేచరీ వ్యాను గట్టెక్కింది. వంద సంచులు, మూడు లక్షల పిల్లలు. వాటితో వచ్చిన టెక్నీషియన్ ఒక సంచి నీళ్లు గొట్టంలో చూసి, మీరు చెప్పినట్టే పన్నెండుకు దించామని చెప్పాడు. పనివాళ్లు సంచుల్ని కట్టినవి కట్టినట్టే చెరువులో తేలేశారు. లోపలి వేడీ బయటి వేడీ ఒకటయ్యేదాకా అరగంట అలా ఉంచి, ఆ తర్వాత మూతులు విప్పడమే.

ఆ అరగంట ఉప్పాయన ఒకచోట నిలబడలేక గట్టు చుట్టూ తిరిగాడు. తూము మూలకు వచ్చేసరికి నీళ్ల అంచున నల్లటి చుక్కలు కదులుతున్నాయి. వంగి చూశాడు. తోకకప్పలు. ఒకటీ రెండూ కాదు, గుంపు. పన్నెండు ఉప్పున్న నీళ్లలో ఈ కప్పపిల్లలు పూట కూడా బతకవు. ఎగువన వానలు ముందే పడ్డాయని విన్నాడు, పాయలోకి మంచినీళ్లు దిగి ఉంటాయని మాత్రం ఆలోచించలేదు.

అక్కడి నుంచి సంచుల దగ్గరికి వంద అడుగుల దూరం. ఆ వంద అడుగుల్లోనే ఆయనకు బ్రహ్మాండమైన సాకు దొరికింది. కప్పపిల్లలు కనిపించాయి, దేనికైనా మంచిది ఓసారి మీటరు పెట్టండి అంటే చాలు. పిల్లలూ దక్కుతాయి, పరువూ దక్కుతుంది. కానీ వచ్చే వారం ఇంకొకరు గ్లాసు పట్టుకుని వస్తారు. ప్రతి చెరువులోనూ తోకకప్పలు వచ్చి ఆదుకోవు కదా.

అన్న కూతురు అప్పటికే మోకాలిలోతు నీళ్లలో నిలబడి మొదటి సంచి చేతిలోకి తీసుకుంది.

"అమ్మాయ్, ఆగు. సంచులు విప్పొద్దు" అన్నాడు. ఆమె తలెత్తి చూసింది. ఆయన చెప్పేశాడు. "నా నాలుక పనిచేయట్లేదు. జ్వరం తగ్గినప్పటి నుంచీ ఉప్పు తెలియట్లేదు. ఆ రోజు పన్నెండని గుర్తుతో చెప్పాను, రుచితో కాదు."

ఆమె సంచి కిందపెట్టి, గట్టెక్కి, తన స్కూటరు సీటు ఎత్తి ఒక గొట్టం తీసింది. చెరువు నీళ్లు రెండు చుక్కలు వేసి కంటికి పెట్టుకుంది. నాలుగు. అంటే పిల్లల్ని పన్నెండులోంచి నాలుగులోకి ఒక్కసారి దూకించబోయారు.

"చెప్పి ఉంటే ఏమయ్యేది బాబాయ్? నిన్ను పిలవడం మానేస్తాననుకున్నావా?"

"అవును" అన్నాడు ఉప్పాయన.

ఆ ఒక్క ముక్కతో ఆమె కోపం సగం దిగిపోయింది. మిగతా సగం తన మీదికే మళ్లింది. ఆ గొట్టం మూడు నెలలుగా ఆమె స్కూటర్లోనే ఉంది. బయటికి తీస్తే బాబాయిని అవమానించినట్టవుతుందని తీయలేదు. ఒకరు సిగ్గుతో, ఒకరు మర్యాదతో కలిసి మూడు లక్షల ప్రాణాల్ని చెరువంచు దాకా తెచ్చారు.

ఇక తిట్టుకోవడానికి టైము లేదు. సగానికి కోసిన నీళ్ల ట్యాంకులు నాలుగు తెచ్చి సంచులన్నీ వాటిలో ఒంపారు, గాలి పంపు పెట్టారు. చెరువు నీళ్లు మగ్గు తర్వాత మగ్గు పోస్తూ ఉప్పును గంటకు ఒక్క గ్రాము మాత్రమే తగ్గించాలి. ఉప్పాయన మగ్గు ఎవరికీ ఇవ్వలేదు. గంటగంటకూ అన్న కూతురు గొట్టంలో చూసి అంకె చెప్పేది. పదకొండు. పది. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఏడు. అంకెలు ఇంకొకరి నోట వినడం మొదట్లో ఆయనకు ముల్లులా గుచ్చుకుంది, రెండు గంటలకల్లా హాయిగా అనిపించింది. సాయంత్రం నాలుగున్నరకు నాలుగుకు దిగింది. పిల్లల్ని చెరువులోకి వదిలి, వాటిలో వందను చిన్న వలగూడులో పెట్టి నీళ్లలో దించారు. తెల్లారాక ఆ గూడులో ఎన్ని బతికుంటే చెరువంతా అదే లెక్క.

మర్నాడు పొద్దున్నే గూడు పైకెత్తారు. ఆమె తెల్లగిన్నెలో ఒంపి ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఉప్పాయన అటు తిరిగి నిలబడ్డాడు, చూసే ధైర్యం లేక.

"తొంభై ఆరు బాబాయ్" అంది.

ఉప్పాయన గట్టు మీదే కూలబడి, రెండు నెలలుగా బిగబట్టిన ఊపిరంతా ఒక్కసారే వదిలాడు. ఆమె పక్కనే కూర్చుని ఆ గొట్టం ఆయన చేతిలో పెట్టింది. ఇక మీదట ఇది నువ్వే చూడాలి, చూశాక గట్టు చుట్టూ ఒకసారి తిరిగి రావాలి, తోకకప్పలు గొట్టంలో కనిపించవు కదా అంది. ఆయన గొట్టాన్ని ఆకాశం వైపు ఎత్తి చాలాసేపు చూశాడు. నిజానికి కళ్లలో నీళ్లు తప్ప ఏమీ కనిపించలేదు.

ఇంటికి వెళ్లేసరికి భార్య భోజనం వడ్డించింది. కూర ఎలా ఉందని అలవాటుగా అడిగింది.

"నాకు ఉప్పు తెలియట్లేదు" అన్నాడు.

"తెలుసు" అందావిడ, పెరుగు గిన్నె దగ్గరికి జరుపుతూ. "ఒకరోజు కూరలో ఉప్పు వేయడం మరిచిపోతే ఆహా అన్నావు. అప్పటి నుంచీ నీ వాటా కూర ఉప్పు వేయకముందే తీసి పెడుతున్నాను, ఎప్పటికి చెబుతావో చూద్దామని."

"మరి అడగొచ్చుగా?"

"అంత బాగా మెచ్చుకుంటుంటే ఎలా అడగను?"

ఆయన నవ్వాడు. నవ్వి, ఇంకో రెండు గరిటెల కూర వడ్డించుకున్నాడు. రెండు నెలల్లో ఆయన మెచ్చుకోకుండా తిన్న మొదటి భోజనం అది.