కరీంనగర్ బండికి ఎనిమిదో మనిషి

సంజనా, లహరీ! మొన్నటి రెండో ఆదివారం మీ అమ్మ హాస్టల్‌కు ఎందుకంత ఆలస్యంగా వచ్చిందో మీకు ఇప్పటికీ తెలియదు. గేటు ఊచల అవతల నిలబడి మీరు అడిగితే "డ్యూటీ ఉండె బిడ్డా" అన్నాను. అబద్ధం! మీకు అబద్ధం చెప్పి హాయిగా నిద్రపోయే రకాన్ని కాదు నేను. ఇన్ని రోజులు ఓపిక పట్టాను, ఇక నావల్ల కాదు. షంషాబాద్‌లో కరీంనగర్ బండి ఎక్కిన మీ అమ్మ, మిట్టమధ్యాహ్నం కామారెడ్డి బస్టాండులో మిర్చి బజ్జీ చేతిలో పట్టుకొని ఎందుకు నిలబడిందో వినండి. మీరు నవ్వుతారు, తెలుసు. నాకు మాత్రం ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

నా ఉద్యోగం మీకు తెలిసిందే. కార్గో గోదాములో పెట్టెలు తూకం వేయిస్తాను. కాగితం మీద ఉన్నదాని కంటే అరకిలో ఎక్కువున్నా వెనక్కి పంపిస్తాను. "అరకిలోనే గదా మేడం" అని ఎవరైనా బతిమిలాడితే "ఆ మాట పోయి విమానానికి చెప్పు" అంటాను. ఎక్కువంటే ఎక్కువే. అదీ నా పద్ధతి.

రోజంతా నా నెత్తి మీదుగా విమానాలు పోతూనే ఉంటాయి. దోహా, దుబాయ్, సింగపూర్! మరి నేను మీ దగ్గరికి రావాలంటే? షంషాబాద్ చౌరస్తాలో నిలబడి, బండి నిండడానికి ఏడుగురు మనుషులు ఎప్పుడొస్తారా అని ఎదురుచూడాలి. బస్సుకు పోదామంటే ఊరికి ఆ చివరన ఉన్న జేబీఎస్ బస్టాండు దాకా పోవాలి. అంటే ఊళ్లో నుంచి బయటపడడానికి ఊరంతా దాటాలన్నమాట! ఇక రైలంటారా, కరీంనగర్ రైలు మాట ఎత్తకండి, నాకు బీపీ.

అందులోనూ అది మామూలు ఆదివారం కాదు. సంజన కళ్లద్దాలు విరిగి వారమైంది. సోమవారం నుంచి పరీక్షలు. "బోర్డు మీద అక్షరాలు చీమల్లెక్క పాకుతున్నయి అమ్మా" అని ఫోనులో చెప్పింది. కొత్త అద్దాలు నా సంచిలో ఉన్నాయి. ఒక డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను ఇంకో డబ్బాలో పెట్టి, దాన్ని చీర మడతల్లో దాచాను. సాయంత్రం నాలుగింటికి హాస్టల్ గేటు మూస్తారు. అందుకని తుక్కుగూడ నుంచి పొద్దున్నే ఆటో ఎక్కి, ఎనిమిది కాకముందే చౌరస్తాలో దిగాను.

అక్కడ రెండు బండ్లు పక్కపక్కనే ఆగి ఉన్నాయి. మన బండి డ్రైవర్ మల్లేశ్. ఎప్పుడు చూసినా ఫోన్‌లో తల పెట్టుకొని కూర్చుంటాడు. పక్కది నిజామాబాద్ బండి. దాని డ్రైవర్ ఖాజా భాయ్. ఆయన గొంతెత్తితే రన్‌వే మీద విమానం కూడా తిరిగి చూడాల్సిందే.

నేను నాలుగోదాన్ని. ముందు సీటులో కూర్చొని, సంచి వెనక పెట్టించి, మల్లేశ్‌కు అందరికీ వినబడేలా చెప్పాను: "ఇది ఏడుగురు పట్టే బండి. ఏడంటే ఏడే. ఎనిమిదో మనిషిని ఎక్కిస్తే నేనే పోలీసులకు ఫోన్ చేస్త."

"సరే అక్కా, ముందు ఐదో మనిషిని రానియ్యి" అన్నాడు వాడు.

తొమ్మిదైంది. ఐదో మనిషి రాలేదు. పక్క బండిలో ఐదుగురయ్యారు. ఖాజా భాయ్ మా కిటికీ దగ్గరికొచ్చి, చాయ్ తాగుతూ మొదలుపెట్టాడు.

"ఏంది మేడం, మీ కరీంనగర్‌ల జనం లేరా?"

నాకు చురుక్కుమంది. "లేకేం? మా ఊరు ఎంత పెరిగిందో ఒకసారి వచ్చి చూడు."

"ఎందుకు పెరగదు? చుట్టుపక్కల ఊర్లన్ని కలుపుకుంటిరి. పక్కోని పళ్లెం గూడ లాక్కొని తింటే నా కడుపు గూడ పెరుగుతది."

"మీరేం కలుపుకోలేదా? మాకు తీగల వంతెన ఉన్నది, మీకేమున్నది?"

"ఉన్నది, నిజమే. సాయంత్రం పోయి సెల్ఫీ దిగుతరు. మరి దూరం రైలెక్కాలంటే ఏడికి పోతరు మేడం?"

పక్క ఊరికి పోయి ఎక్కుతామని నా నోటితో చెప్పాలా? మాట మార్చి విమానాశ్రయం ఎత్తుకున్నాను. రాష్ట్రంలో ఇంకోటి కడితే మాకే ముందు ఇవ్వాలన్నాను. గల్ఫ్‌కు పోయేవాళ్లంతా తమవాళ్లే కాబట్టి తమకే ఇవ్వాలన్నాడాయన. మావాళ్లు పోవట్లేదా అన్నాను. మల్లేశ్ ఫోన్‌లో నుంచి తల కూడా ఎత్తలేదు. ఈ గొడవ నడుస్తుండగానే వరంగల్ బండి వచ్చింది, నిండింది, పోయింది. ఆ డ్రైవర్ ఒక్క మాట మాట్లాడితే ఒట్టు!

పది దాటింది. నిజామాబాద్ బండికి ఆరో మనిషి వచ్చాడు. "ఇగ ఒక్కరు" అని ఖాజా భాయ్ ఒక వేలు ఎత్తి నాకే చూపించాడు. మాకు ఇంకా ముగ్గురు కావాలి. ఒకవైపు గేటు, అద్దాలు, పరీక్ష. ఇంకోవైపు ఆ వేలు! నేను బండి దిగాను.

ఎయిర్‌పోర్టు ఆటోలు ఆగే చోటికి పోయి, సిగ్గు విడిచి, కొంగు నడుముకు చెక్కి అరిచాను. "కరీంనగర్! కరీంనగర్! ఏసీ ఉన్నది! ముందు సీటు ఉన్నది!"

ఆ ముందు సీటు ఎవరిదో ఆ క్షణంలో నాకు గుర్తులేదు.

ఒక ఆటోలో నుంచి ముగ్గురు దిగారు. మస్కట్ నుంచి అప్పుడే వచ్చిన గంగాధర్, అతని తమ్ముడు, వాళ్ల అమ్మ. ఆమె పెద్దకొడుకు చొక్కా చెయ్యి పట్టుకొని వదలడం లేదు. పక్కన రెండు అట్టపెట్టెలు, రెండు కంబళ్లు. వాళ్లది కోరుట్ల. కోరుట్లకు అటు నుంచీ పోవచ్చు, ఇటు నుంచీ పోవచ్చు. ఖాజా భాయ్ పరుగెత్తుకొచ్చాడు. "రా తమ్మీ, ఆర్మూర్ల దించుత, జర సర్దుకుంటే ముగ్గురు పడ్తరు!"

"ఒక్క సీటుల ముగ్గురా?" అని అడ్డం పడ్డాను. "మనుషులా, ఉల్లిగడ్డల బస్తాలా? మా బండిల గట్ల కాదు తమ్మీ. ఏడంటే ఏడే. కాళ్లు చాపుకొని పోవచ్చు."

"మస్కట్ నుంచి ఈడికి మూడు గంటలల్ల వచ్చిన. ఈడికెళ్లి ఇంటికి పొద్దుగూకుతదో ఏమో" అన్నాడు గంగాధర్. ఆ మాటతో నాకు సొంత తమ్ముడైపోయాడు. చివరికి మన బండికే ఒప్పుకున్నారు. పెట్టెలు ఎక్కించడానికి నేనూ ఒక చెయ్యి వేశాను. కంబళ్లు వాటిపైన పెట్టి తాడు కూడా బిగించారు. ఏడుగురు! ఖాజా భాయ్ వైపు చూసి ఏడు వేళ్లు ఎత్తాను.

అప్పుడు గంగాధర్ అన్నాడు: "ఒక్క నిమిషం అక్కా, బాపు బాత్‌రూమ్‌కు పోయిండు. వస్తడు."

బాపు వచ్చాడు. తలపాగా సర్దుకుంటూ, "ముందు సీటు ఉన్నదంటిరి గదా, నాకు మోకాళ్ల నొప్పి" అంటూ వచ్చాడు.

"ఏం కాదక్కా, వెనక నలుగురు సర్దుకుంటరు" అన్నాడు మల్లేశ్. నేను నోరు తెరిచేలోపు పక్కనుంచి ఖాజా భాయ్ మెల్లగా అడిగాడు. "ఎనిమిదో మనిషా మేడం? పోలీసులకు ఫోన్ మీరు చేస్తరా, నన్ను చెయ్యమంటరా?"

రెండు బండ్లలోని జనమంతా నా వైపే చూస్తున్నారు. "నేను బస్సుకొస్త తియ్యి, మీరు పోండ్రి" అని బాపు వెనక్కి తగ్గాడు. రెండేళ్ల తర్వాత కొడుకును చూస్తున్న మనిషి! నెలకొకసారి మిమ్మల్ని చూసే నాకే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఆయన్ను నా చేతులతోనే ముందు సీటులో కూర్చోబెట్టి, నేను కిందనే ఉండిపోయాను.

నా సంచి? పెట్టెల కింద, కంబళ్ల కింద, అన్నిటికంటే అడుగున! తాడు విప్పి తీయాలంటే అరగంట. జగిత్యాల పోయే తోవలోనే కదా మీ హాస్టల్, సంచి గేటు దగ్గర ఇవ్వమని ఆ తల్లికి మూడుసార్లు చెప్పి, నాలుగోసారి కాగితం మీద రాసిచ్చాను. బండి నంబర్‌కు ఫోటో తీశాను. గంగాధర్‌కు కూడా తీశాను, పాపం నవ్వాడు.

బండి కదిలింది. నిజం చెప్పాలి కదా, నేను చప్పట్లు కొట్టాను! గెలిచాం! తర్వాత చుట్టూ చూస్తే చౌరస్తాలో కరీంనగర్ పోవాల్సినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. ఇంకో కరీంనగర్ బండి లేదు. ఉన్నా, దానికి మళ్లీ ఏడుగురు నిండాలి.

ఖాజా భాయ్ తలుపు తెరిచి పట్టుకున్నాడు. "రాండ్రి మేడం. కామారెడ్డిల దించుత. ఆడికెళ్లి సిరిసిల్ల మీదికెళ్లి బస్సున్నది. మాకూ ఒక్కరే తక్కువున్నరు."

ఎక్కాను. ఎక్కక ఏం చేయను! దారి పొడవునా, చాయ్ కోసం ఆగిన ప్రతిచోటా ఆయన నన్ను పరిచయం చేశాడు. "కరీంనగర్ మేడం. మా జనాభాల కలిసింది." కానీ ఒకటి చెప్పాలి. కామారెడ్డి బస్టాండులో నన్ను దించి వెళ్లిపోలేదు. బజ్జీ కొనిచ్చి, బస్సు బస్సుకూ ఎదురెళ్లి, ఆ విమానం గొంతుతో తనే అరిచాడు. "కరీంనగర్! కరీంనగర్!" ఆ గొంతులో మన ఊరి పేరు వినడం నాకు బాగానే అనిపించింది. ఆయనకు మాత్రం చెప్పలేదు.

హాస్టల్‌కు చేరేసరికి నాలుగున్నర. గేటు మూసేశారు. వాచ్‌మన్ తాళంచెవి చూపిస్తూ అన్నాడు: "ఏం చెయ్యాలె మేడం? మొన్న పేరెంట్స్ మీటింగుల నాలుగంటే నాలుగే అని లేచి నిలబడి చెప్పింది మీరే గదా." నిజమే. చెప్పాను. చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

ఊచల్లో నుంచి పది నిమిషాలు. మైదానం ఆ చివర్నుంచి నన్ను ముందు గుర్తుపట్టింది సంజనే, కొత్త అద్దాలతో. సంచి రెండు గంటల ముందే చేరిందట. అప్పుడే లహరి అడిగింది, "ఎందుకు లేటైంది అమ్మా?" అని. డ్యూటీ అన్నాను.

ఇదీ సంగతి. ఇది మీ ఇద్దరి దగ్గరే ఉంచుకోకండి. హాస్టల్‌లో అందరికీ చెప్పండి, సెలవుల్లో మీ పిన్ని పిల్లలకూ చెప్పండి, వాళ్లను ఇంకొకరికి చెప్పమనండి. లహరి పక్క మంచం అమ్మాయిది నిజామాబాదే కదా, ఆమెకు కూడా దాచకుండా చెప్పండి, ఎంతైనా నవ్వుకోనీ. కానీ చెప్పేటప్పుడు ఒక్క ముక్క మాత్రం మరిచిపోవద్దు. ఆ రోజు నిజామాబాద్ బండి కంటే ముందు నిండింది కరీంనగర్ బండే!